మూడు వైర్ల భాయ్

మా ఇంటికి కొత్త టీవీ వచ్చింది. మా హాలు గోడ కంటే అది అరంగుళం పెద్దదని నా అనుమానం. పాపం గోడే కాస్త ఒళ్ళు సాగదీసి చోటిచ్చి ఉంటుంది. బిగించడానికి వచ్చిన మనిషి నాలుగు మరలు తిప్పి, రిమోటు నా చేతిలో పెట్టి, "అయిపాయ సార్" అన్నాడు.

నేను టార్చిలైటు తీసుకుని టీవీ వెనక్కి దూరాను. అభ్రకం గనుల్లోకి కూలీలు కూడా అంత జాగ్రత్తగా దిగి ఉండరు.

"ఏం ఎతకతా ఉండారు సార్?"

"బొక్కలయ్యా. పచ్చది, నీలంది, ఎర్రది. మూడుండాలే?"

"అవిప్పుడు రావు సార్. ఎప్పుడో ఎత్తేసినారు. ఇప్పుడంతా ఒకటే వైరు."

"మరి మా భాయ్ చేసిచ్చిన వైరు?"

"ఏ భాయ్ సార్?"

గూడూరులో పుట్టి, గూడూరు నీళ్ళు తాగి, గూడూరులోనే టీవీలు బిగిస్తూ బతుకుతున్న మనిషి అడిగిన ప్రశ్న ఇది. టీవీ వెనక ఆ సందులోనే కాసేపు నిలబడిపోయాను. దుమ్ము కళ్ళలో పడిందని మా ఆవిడతో చెప్పాను. కొత్త టీవీ వెనక దుమ్మెక్కడిదని ఆమె అడగలేదు. అప్పుడప్పుడూ ఆమె నామీద దయ చూపిస్తుంది.

భాయ్ పోయి రెండేళ్ళయింది. ఆయన అంగడి రైల్వేస్టేషను పక్క సందులో ఉండేది. దాని వెడల్పు గురించి నేనేం చెప్పినా అతిశయోక్తి అంటారు కనుక కొలతలు చెప్పను. ఇద్దరు లావుపాటి కొనుగోలుదారులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడుచుకుంటూ స్టేషను దాకా పోవాల్సి వచ్చేదని మాత్రం చెప్తాను. గోడల నిండా మేకులు, మేకుల నిండా వైర్లు. కొత్తవాళ్ళు అది పాముల వాడి ఇల్లనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్ళు. లోపల ఒక బల్ల. బల్ల మీద సోల్డరింగ్ కడ్డీ, దాని పొగ వెనక కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్న భాయ్. ఆ కళ్ళజోడు కళ్ళ మీదికి దిగడం నేను పదేళ్ళలో రెండుసార్లు చూశాను. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు వేలెడంత ఆకురాయి ఉండేది. టీ తెప్పించుకునేవాడు కానీ తాగేవాడు కాదు. అది చల్లారి, మీగడ కట్టి, ఆ మీగడ మీద సీసం చుక్క ఒకటి పడి ముత్యంలా తేలేదాకా దాని వంక చూసేవాడే కాదు.

నేను ఆయన్ను మొదటిసారి కలిసింది ఊళ్ళో హెచ్‌డీ టీవీలు ఇంకా పెళ్ళికూతుళ్ళంత వింతగా ఉన్న కాలంలో. అప్పు చేయకుండా ఒకటి కొన్నాను. దాన్ని చూడ్డానికి చిల్లకూరు నుంచి, కొడవలూరు నుంచి చుట్టాలు వచ్చారు. చూసి, కాఫీ తాగి, "మా పాత టీవీ మాదిరే ఉండాదే" అని వెళ్ళిపోయారు. ఆ అవమానం వర్ణించడానికి నా దగ్గర మాటల్లేవు, అంటే నూటయాభైకి మించి లేవు. బొమ్మ నిజంగానే శుక్లం ముదిరిన కంటితో చూసినట్టుంది. టీవీని ముందు నుంచి కొట్టాను, వెనక నుంచి కొట్టాను, చివరికి ఎవరో చెప్తే భాయ్ దగ్గరికి పోయాను.

"ఏ వైరు పెట్టినావన్నా?" అన్నాడు తలెత్తకుండా.

"డీవీడీ ప్లేయరుతో వచ్చిందే భాయ్. పసుపుది."

ఆయన సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టాడు. చావు కబురు విన్న మనిషిలా కాసేపు నేల చూశాడు.

"అంత టీవీ కొని పసుపు వైరు పెట్టినావా?"

"తప్పా భాయ్?"

"తప్పా అంటుండావా? ఇదిగో చూడు. పాయసం, మజ్జిగ, చారు, మూడూ ఒకే గొట్టంలో పోసి, ఆ చివర గ్లాసు పట్టుకొని తాగు. ఎట్టుంటాది?"

"ఛీ."

"ఆ ఛీనే నువ్వు నెల దినాలుగా చూస్తుండావు. అన్ని రంగులూ ఒకే వైర్లో దూరి, ఒకదాన్నొకటి తొక్కుకుంటా వస్తుండాయి. ఇది ఇంకోటి," అని నల్లటి గుండ్రని మొనలో నాలుగు సూదులున్న వైరు చూపించాడు. "ఇది రెండు గొట్టాలు. పసుపుదానికంటే మేలు. కానీ నీ టీవీకి చాలదు. ఈ మూడు వైర్లు ఉండాయే, ఇవి వేరే. ఎవురి దోవ వాళ్ళది. ఒకరి కాలు ఒకరికి తగలదు."

"బంగారు పూత వేసినవి ఉంటాయంట గదా భాయ్? అవి ఇంకా మంచివంటారు."

"వైరు మెడలో ఏసుకుంటావా, టీవీకి పెడతావా?"

మూడు వైర్లు మద్రాసు నుంచి తయారై కట్టలుగా వచ్చేవి. భాయ్ అవి అమ్మేవాడు కాదు. యాంటెన్నాకు వాడే మందపాటి వైరు మనింటి కొలతకు కోసి, మొనలకు పిన్నులు తానే అతికించి ఇచ్చేవాడు. ఇక్కడే ఆయనకొక పద్ధతి ఉండేది. పిన్నుల డబ్బా మన ముందు బోర్లించేవాడు. ఎర్ర మెడవి, పచ్చ మెడవి, నీలం మెడవి కలగాపులగంగా దొర్లేవి.

"ఎర్రది తియ్యన్నా," అనేవాడు.

తీసిస్తే అతికించి, జేబులోంచి ఆకురాయి తీసి దాని మెడ మీద ఒక గీటు పెట్టేవాడు. "ఇప్పుడు పచ్చది." దానికి రెండు గీట్లు. నీలందానికి ఏమీ లేదు. ఎందుకయ్యా మేమే తీయాలి అంటే, "నీ టీవీకి నీ చెయ్యి పడాల. అప్పుడే బొమ్మ నిలస్తాది," అనేవాడు. గూడూరు మొత్తం దీన్ని నమ్మింది. మంచి మనసున్న మనిషి చేతి వాసి అనుకుంది. కొందరు పిన్ను తీసే ముందు చెప్పులు విడిచేవాళ్ళు.

వైరు తయారయ్యాక అసలు తతంగం మొదలయ్యేది. అంగట్లో ఒక టీవీ ఎప్పుడూ ఆడుతుండేది. దాంట్లో ఎప్పుడూ ఒకటే డిస్కు. చిలకలు, జలపాతం, పూలతోటలు, సంతలో కూరగాయలు. మన వైరు దానికి తగిలించి, మనల్ని స్టూలు మీద కూర్చోబెట్టేవాడు.

"చెప్పు."

"ఏం చెప్పాలి భాయ్?"

"ఏం కనపడతా ఉండాదో చెప్పు. చిలక ఎట్టుంది?"

"పచ్చగా ఉంది."

"పచ్చ అంటే ఏం పచ్చ? పచ్చలు వందుండాయి."

వైరు కొన్న ప్రతివాడూ ఈ పరీక్ష రాయాల్సిందే. నిమ్మకాయల మండీ వాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్ళు. ఒక పాస్టరమ్మగారు గులాబీని చూసి పావుగంట చెప్పి, ఆపైన చిన్న ప్రార్థన కూడా చేసి వెళ్ళింది. సరిగ్గా చెప్పనివాళ్ళకు భాయ్ వైరు ఇచ్చేవాడు కాదు. "ఇంకోసారి చూడు, తొందరేముంది," అని కూర్చోబెట్టేసేవాడు. మనవాళ్ళు దీన్ని సరుకు మీద ఆయనకున్న గర్వం అనుకున్నారు.

నాకైతే స్వర్గం దొరికింది. పుట్టిన దగ్గర్నించీ నేను ఒకటి చెప్పబోతే ఇంట్లోవాళ్ళు, ఆఫీసువాళ్ళు, చివరికి మంగలి కూడా "కాస్త తగ్గించి చెప్పు" అన్నవాళ్ళే. మొట్టమొదటిసారి ఒక మనిషి ఇంకా చెప్పమంటున్నాడు! ఆ చిలక పచ్చ, వాన పడిన మర్నాడు పొద్దున పొట్ట మీదున్న వరిచేను పచ్చ అన్నాను. ఆ ముక్కు ఎరుపు, మా అత్తగారు కోపంలో ఉన్నప్పుడు ఆవిడ ముక్కు కొన ఎరుపు అన్నాను. భాయ్ కడ్డీ పక్కన పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకా?" అన్నాడు.

ఆ ఒక్క మాటకు ఐదేళ్ళు ఆ అంగడి చుట్టూ తిరిగాను. మా ఇంట్లో ఒక టీవీ, ఒక ప్లేయరు. ఐదేళ్ళలో వాటికి నేను కొన్న వైర్లతో గూడూరు నుంచి నెల్లూరు దాకా బట్టలారేయొచ్చు. వైరు తెగిందని పోయేవాణ్ణి, పొట్టిదైందని పోయేవాణ్ణి, పిల్లి కొరికిందని పోయేవాణ్ణి. మాకు పిల్లి లేదు.

"టీవీలో చిలకను అంత బాగా చూసే మనిషి, వెనక్కి తిరక్కుండా నేను ఈరోజు ఏం రంగు చీర కట్టుకున్నానో చెప్పండి చూద్దాం," అంది మా ఆవిడ ఒకసారి.

నేను చెప్పాను. తప్పు. ఆ రోజు మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేరు. డిస్కు ఆగిపోయి టీవీలో వార్తలు వస్తున్నాయి. చదివే అమ్మాయి చిక్కటి పచ్చ చీర కట్టుకుంది. నాకు ఒంట్లో చిలిపితనం తన్నుకొచ్చింది. "భాయ్, ఆ అమ్మాయి ఎర్రచీర చూశావా? మిరపకాయ ఆరబోసినట్టు మండిపోతా ఉంది," అన్నాను, ఆయన నా నెత్తిన ఒకటి మొట్టుతాడని తల కూడా కాస్త వంచి.

"అవునన్నా. ఈ వైర్లో ఎరుపు బాగా లేస్తాది," అన్నాడు భాయ్.

నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఇద్దరం టీవీ వంకే చూస్తున్నాం. అప్పుడాయన కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించుకున్నాడు. నేను చూసిన రెండుసార్లలో అది మొదటిది.

"పచ్చదా?" అన్నాడు మెల్లగా.

"పచ్చదే భాయ్."

"నాకు రెండూ ఒకటే అన్నా. పుట్టినప్పటినించీ. ఎరుపు, పచ్చ, రెండూ ఎండుటాకు మాదిర కనపడతాయి. నీలం తెలస్తాది. తక్కినవి గీట్లు పెట్టుకొని తడుముకుంటా."

వాళ్ళ నాయనకు మండీలో నిమ్మకాయల కొట్టు. పదిహేనేళ్ళ వయసులో ఈయన్ను కాయలు ఏరడానికి కూర్చోబెట్టారట. పండినవి ఒక పక్క, పచ్చివి ఒక పక్క. గూడూరులో పాలు తాగే బిడ్డ కూడా కళ్ళు మూసుకుని చేసే పని. ఈయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏరి, ఒక లారీకి సరిపడా బస్తాల్లో పచ్చీ పండూ కలిపేసి కుట్టించేశాడు. కావాలని చేశాడనుకున్నారు. నాయన నలుగురిలో చెయ్యి చేసుకుని, మండీ గడప తొక్కొద్దన్నాడు.

"అప్పుడన్నీ నలుపూ తెలుపూ టీవీలేగదన్నా? వాటిని బాగుచేసే కాడ చేరినా. అందరికీ కనపడిందే నాకూ కనపడతా ఉండాది. నా అంత సుఖపడినోడు లేడు. మళ్ళా ఈ పాడు రంగులొచ్చి పడినాయి." ఆగి, "వచ్చినోళ్ళు చెప్తా ఉంటే అదొక మాదిరిగా ఉంటాది. వాళ్ళు చెప్పేదంతా నాకు అర్థమవతాదని కాదు. బాగుంటాది. నువ్వు చెప్తే ఇంకా బాగుంటాది," అన్నాడు.

నేను కూర్చున్న స్టూలు గట్టిగా పట్టుకున్నాను.

"ఎవురికీ చెప్పబాకన్నా. రంగుల వైర్లు అమ్మేవోడికి రంగులు తెలవ్వంటే ఎవుడొస్తాడు అంగడికి? మండీలో మా వాళ్ళింకా ఉండారు."

"చచ్చినా చెప్పను భాయ్," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

నాలుగు నెలలు చెప్పలేదు. నా చరిత్రలో అది ఒక యుగం. కడుపులో ఆ సంగతి పెట్టుకుని నేను తొమ్మిదోనెల మనిషిలా నడిచేవాణ్ణి. ఆ తర్వాత మా ఆఫీసులో ఒకాయన రిటైరయ్యాడు. సన్మానసభలో నన్ను నాలుగు హాస్యపు ముక్కలు చెప్పమన్నారు. మొదటి ముక్కకు ఎవరూ నవ్వలేదు. రెండోదానికి ఒకాయన ఆవులించాడు. హాస్యం చెప్పేవాడి కళ్ళెదుట ఒక నోరు ఆవులింతకు తెరుచుకోవడం అంటే ఏమిటో అనుభవించినవాడికే తెలుస్తుంది. నాలుక తనంతట తానే పోయి ఆ సంగతి తెచ్చుకుంది.

"మన ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉన్నాడండీ. రంగుల వ్యాపారం. ఆయనకు రంగులే తెలియవు!"

హాలు పగిలిపోయింది. పచ్చ చీర ముక్క చెప్పాను, నిమ్మకాయల ముక్క చెప్పాను. ఒక లారీని ఏడు లారీలు చేశాను. పేరు చెప్పలేదు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. గూడూరులో పేరెవరికి కావాలి? నేను వేదిక దిగేలోపే కథ స్టేషను చేరింది.

మర్నాటి నుంచి ఊరంతా భాయ్ అంగడికి తీర్థం పోయినట్టు పోయింది. వైరు కొనడానికి కాదు. పిన్ను ఎత్తి పట్టుకుని, "భాయ్, ఇదేం రంగు?" అని అడగడానికి. చొక్కా చూపించి అడిగినవాళ్ళు, గొడుగు చూపించి అడిగినవాళ్ళు. మూడోరోజు నేను తలొంచుకుని క్షమాపణ చెప్పుకోవడానికి పోయేసరికి, మండీ నుంచి ఆయన పినతండ్రి కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో నిమ్మకాయ. వెనక పదిమంది.

"ఏం భాయ్, ఇదేం రంగో చెప్పు చూద్దాం?"

భాయ్ కడ్డీ ఆపలేదు. "నిమ్మకాయ రంగు," అన్నాడు.

"అదే, పచ్చా, పసుపా అంట?"

"కోసి నోట్లో పిండుకో. నీకే తెలస్తాది."

పదిమందీ నవ్వారు. వచ్చినవాడి మీదే నవ్వారు. వాడు కాయ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. జనం పల్చబడ్డారు. లోపలికి పోయి, "భాయ్..." అన్నాను. లక్ష మాటలు పోగేసుకుని వచ్చినవాణ్ణి, ఒక్కటి పెగల్లేదు.

"ఏం కావాలన్నా? వైరా?" అన్నాడు.

ఊఁ అన్నాను. కొలత అడిగాడు. చెప్పాను. పిన్నుల డబ్బా బోర్లించలేదు. ముందుగా గీట్లు పెట్టుకున్న పిన్నులు సొరుగులోంచి తీసి, తడిమి, అతికించి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. టీవీకి తగిలించలేదు. స్టూలు చూపించలేదు. చెప్పు అనలేదు.

అంతే. ఒక్క మాట తిట్టలేదు, ఒక్క పూట పలకరించడం మానలేదు. పిల్లలెట్టుండారు, అక్కెట్టుంది, వానలు పడితే మీ వీధిలో నీళ్ళు నిలబడినాయా, అన్నీ అడిగేవాడు. రంగు మాత్రం అడగలేదు. ఊళ్ళో జనం నెల తిరక్కుండా ఆ సంగతి మర్చిపోయారు. ఎప్పటిలాగే వైర్లు కొన్నారు. వాళ్ళను అడిగేవాడు. నేను గుమ్మంలో ఉండగానే, లోపల ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు స్టూలు మీద కూర్చుని, "జలపాతం తెల్లగా ఉందండీ" అని ఏడుస్తున్నట్టు చెప్తుండేవాడు. భాయ్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవాడు. నా ఒళ్ళు కాలిపోయేది. జలపాతం తెల్లగా ఉందట! ఆ తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో వాడికేం తెలుసు? నా వంతు రాగానే భాయ్ కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఉరిశిక్షలో కూడా ఆఖరి కోరిక అడుగుతారంటారు.

ఇట్టా నాలుగేళ్ళు. ఈలోగా ఆ ఒకే ఒక్క వైరు వచ్చింది. రంగుల్లేవు, గీట్లక్కర్లేదు, ఎటు పెట్టాలో బడికి పోని పిల్లకు కూడా తెలుసు. భాయ్‌కి పీడ విరగడైందనుకున్నాను. ఒకసారి నెల్లూరు నుంచి వస్తూ ఆ వైరు కోసమని ఆయన అంగడిలోకి దూరాను. గోడల మీద మేకులు సగం ఖాళీ. బల్ల మీద టీ వేడిగా ఉంది. ఆయన దాన్ని తాగుతున్నాడు. అది చూసి నాకు భయమేసింది.

"మంచిదేగా భాయ్, రంగుల గోల లేదు?" అన్నాను.

"మంచిదేనన్నా. వస్తారు, ప్యాకెట్టు తీసుకుంటారు, పోతారు. ఎవురూ కూసోరు." గ్లాసు కింద పెట్టాడు. "కూసోమంటే నవ్వతారు. దీంట్లో చూసేదేముంది, బొమ్మ బాగానే వస్తాదిలే అంటారు. నిజమే. ఎప్పుడూ బాగానే వస్తాది."

ప్యాకెట్టు నా ముందు పెట్టాడు. టీవీలో పాత డిస్కే ఆడుతోంది, గట్టిగా పాట పెట్టుకుని. నేను ప్యాకెట్టు తీసుకోలేదు. స్టూలు ఎక్కడుందో వెతికి, దాని మీదున్న అట్టపెట్టెలు దించి, తుడుచుకుని కూర్చున్నాను. ఎవరూ అడక్కుండా మాట్లాడటం నాకు కొత్త కాదు. ఇంత భయంగా మాట్లాడటం కొత్త.

"సంత వచ్చింది భాయ్," అన్నాను. "టమేటాలు. ఎర్రగా ఉన్నాయి."

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపాడు.

"పక్కన దోసకాయలు. పసుపు. అవతల కొత్తిమీర, పచ్చగా ఉంది. ఒకామె బేరమాడుతోంది. ఆమె చీర... ఎర్రది భాయ్. ఈసారి నిజంగా ఎర్రదే."

ఎప్పుడూ ఒకటి ఉంటే పది చెప్పే మనిషిని, ఉన్నది ఉన్నట్టు చెప్పి ఆగిపోయాను. టీవీలో బేరం తెగలేదు. భాయ్ నుదుటి మీద కళ్ళజోడు కిందికి లాక్కున్నాడు. టీవీ వంక కాదు, నా వంక చూశాడు.

"ఏందన్నా, ఇయాళ ఇంత తక్కువ చెప్తుండావు? ఒంట్లో బాలేదా?"

నేను గొంతు సవరించుకున్నాను. ఆయన బల్ల మీద తడిమి, రిమోటు అందుకుని, టీవీ సౌండు పూర్తిగా తీసేశాడు.